వీధి లెక్క వీధిలోనే చదవాలి: మన ప్రజాప్రతినిధులకు విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక బహిరంగ లేఖ

ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి శాసనసభకూ పార్లమెంటుకూ ఎన్నికైన గౌరవ సభ్యులకు నమస్కారాలు.

అయ్యలారా, అమ్మలారా,

దేశాన్ని బాగుచేయడం గురించి మీరు వేదికల మీద మాట్లాడినంత కాకపోయినా, మేమూ మా అరుగుల మీద కూర్చుని చాలానే మాట్లాడుకుంటాం. అధ్యక్ష తరహా పాలన రావాలని ఒకరంటారు, లోక్‌సభకూ శాసనసభలకూ ఒకేసారి ఎన్నికలు జరిపితే సగం రోగం కుదురుతుందని మరొకరంటారు, చదువు లేనివారిని పోటీకి దూరంగా ఉంచాలని ఇంకొకరు పట్టుబడతారు. స్థానిక సంస్థల పద్దులను ముప్పైయొక్క సంవత్సరాల పాటు తనిఖీ చేసి విరమించిన ఆడిట్ ఉద్యోగిని కనుక, ఈ వాదాలన్నిటిలో తలదూర్చే అర్హత నాకు లేదు గానీ, ఒక్క సంగతి మాత్రం రూఢిగా తెలుసు. మన పాలనలో డబ్బు ఖర్చయ్యే చోట నిర్ణయం జరగదు, నిర్ణయం జరిగే చోట దాని ఫలితం అనుభవించే మనిషి ఉండడు. అందువల్ల ఈ లేఖలో నేను కొత్త పథకమేదీ అడగడం లేదు. మీ చేతుల్లో ఉన్న అధికారంలో కొంత భాగాన్ని, రాజ్యాంగం ఎవరికి ఇమ్మన్నదో వారికి అప్పగించమని అడుగుతున్నాను. ఇది మీకు రుచించని కోరిక అని తెలిసే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాటి సంగతితో మొదలుపెడతాను. బుడమేరు వాగు డైవర్షన్ కాలువకు గండ్లు పడి ఆ నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల మీదికి మళ్లింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతూ ఉండడంతో, ఆ కాలువ ద్వారా కృష్ణలో కలవవలసిన నీటికి అటువైపు దారి లేకపోయింది. మా ఇంటి కింది వాటాలో నీరు నడుము దాటింది. మేము డాబా మీద నాలుగు రోజులు గడిపాం. ప్రభుత్వం రాలేదని నేను అనను; పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు కూడా వచ్చాయి, ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. కానీ అన్నం పొట్లం పెద్ద రోడ్డు దాటి లోపలి సందుల్లోకి రావడానికి పట్టిన కాలంలో నాకు ఒక విషయం బోధపడింది. ఏ సందులో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన ఉన్నాడో, ఏ ఇంట్లో నెలలు నిండని పసిగుడ్డు ఉందో, ఎవరి డాబా మీద ఎంతమంది తలదాచుకున్నారో మా పాలవాడికి తెలుసు. అది తెలిసిన ప్రభుత్వ సంస్థ మాత్రం మా వీధిలో ఒక్కటీ లేదు.

నీరు తీశాక నష్టం లెక్కలు మొదలయ్యాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ఇస్తామన్నారు. మా వీధికి లెక్క తీయడానికి వచ్చినవారు పొరుగూరి ఉద్యోగులు, పాపం పగలంతా బురదలో తిరిగి ఫోనులో వివరాలు ఎక్కించారు. తాళం వేసుకుని చుట్టాల ఇంటికి వెళ్లినవారి ఇళ్లు ఆ లెక్కకు రాలేదు. ఒకచోట మునిగింది అద్దెకున్నవారి సామానైతే జాబితాలోకి ఎక్కింది ఊళ్లో లేని యజమాని పేరు. ఆ తరువాత దరఖాస్తులు, వరుసలు, జెరాక్సులు. అదే జాబితాను ఒక సాయంత్రం మా వీధి మొగలో నిలబడి గట్టిగా చదివి ఉంటే గంటన్నరలో తేలిపోయేది. ఎవరి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో ఎదురింటివారికి తెలుసు. అబద్ధమాడితే ఆ ఎదురింటివారే నిలదీస్తారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 1994లో నేను ఈ నూట ఇరవై గజాలు కొన్నప్పుడు, ఇది బుడమేరు పారే పల్లమని అమ్మినవాడికీ తెలుసు, కొన్న నాకూ తెలుసు. ధర తక్కువని కొన్నాను. 2005లో బుడమేరు ఒకసారి హెచ్చరించినా కదలలేదు, పైగా ప్లాను లేకుండా వేసిన గదిని, అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం కింద రుసుము కట్టి సక్రమం చేయించుకున్నాను. ఈ నగరాన్ని ముంచిన పాపంలో నా వాటా నూట ఇరవై గజాలు.

నేను అడుగుతున్నది రాజ్యాంగం ఎప్పుడో చెప్పినదే. 73, 74వ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలు, పురపాలక సంస్థలకు 18 అంశాలు షెడ్యూళ్లలో రాశారు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరంలో వార్డు కమిటీలు ఉండాలన్నారు. ఐదేళ్లకోసారి ఎన్నిక, ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం, జిల్లాకొక ప్రణాళికా కమిటీ ఉండాలన్నారు. ఒక్క మాట దగ్గర మాత్రం గడుసుదనం చూపారు: ఆ అంశాలను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించవచ్చు అన్నారే గానీ, అప్పగించి తీరాలి అనలేదు. ఆ ‘వచ్చు’లోనే ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. విజయవాడ జనాభా 2011 లెక్కలకే పది లక్షలు దాటింది. వార్డు కమిటీ సమావేశానికి రమ్మని మా వీధిలో ఏ గడపకైనా పిలుపు వచ్చినట్లు నేను ఇంతవరకు వినలేదు.

కార్పొరేషన్ ఉంది, 64 డివిజన్లకు కార్పొరేటర్లను ఎన్నుకుంటున్నారు కదా అని మీరనవచ్చు. 1981లో విజయవాడను కార్పొరేషన్ చేసినప్పుడు 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టాన్నే ఇక్కడికి వర్తింపజేశారు. దాని ప్రకారం పనులు నడిపించే అధికారం కమిషనర్‌ది, ఆ కమిషనర్‌ను నియమించేదీ బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. మేయరు సభకు అధ్యక్షత వహిస్తారు. మేము ఓటు వేసేది ఒకరికి, పని చేసేది వేరొకరు, ఆ పని చేసేవారు జవాబు చెప్పుకునేది మూడోవారికి. ఇక స్థానిక పనులు స్థానిక సంస్థలవేనని రాజ్యాంగంలో రాసుకున్న ఆ 1993లోనే, డిసెంబరు నెలలో, ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధుల పథకం కూడా మొదలుపెట్టారు. ఇప్పుడది ఎంపీ ఒక్కరికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ ఇచ్చే ఇలాంటి నిధులను ఎత్తివేయమని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లోనే సిఫారసు చేసింది. బస్ షెల్టరు పైకప్పు కంటే దాని శిలాఫలకమే దిట్టంగా ఉన్న పనులను నా ఉద్యోగంలో చూశాను గనుక, ఆ సిఫారసు నాకు కటువుగా అనిపించలేదు.

గుంటూరు సంగతి ఇంకా విడ్డూరం. 2005లో ఎన్నికైన నగర పాలకవర్గం గడువు 2010లో తీరింది; మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. శివారు గ్రామాల విలీనం, దాని మీద వ్యాజ్యాలు, వార్డుల విభజన అంటూ కారణాలు మారుతూ వచ్చాయి, ఏళ్లు మాత్రం పది దాటాయి. శాసనసభ ఎన్నికలు పదేళ్లు ఆగితే మీరు ఊరుకునేవారా? ఆ మధ్యకాలంలోనే, 2018 మార్చిలో, ఆనందపేట తదితర ప్రాంతాల్లో కలుషిత నీటివల్ల అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు ఆ వీధులకు కార్పొరేటరు అన్నవారే లేరు. ఉండి ఉంటే పైపులు పగిలేవి కావని నేను చెప్పలేను. కానీ కుళాయి నీళ్లు రంగు మారాయని ఆడవాళ్లు బిందె పట్టుకుని వెళ్లి అడగడానికి ఒక గుమ్మం ఉండేది. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఎన్నికలు వాయిదా వేయదలచుకున్నవారికి సాకు చేతికందే దూరంలోనే ఉంటుంది. ఆ రెండు పనులనూ రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించే చట్టం మీరు చేయగలరు, అందుకు ఢిల్లీని అడగనక్కర్లేదు.

పన్నుల విషయమూ ఇంతే. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తిపన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద లెక్కించి, ఏటా 15 శాతానికి మించకుండా పెంచుతూ పోయే పద్ధతి తెచ్చారు. చెత్త సేకరణకు రుసుము పెట్టారు, జనం దాన్ని చెత్త పన్ను అని తిట్టుకున్నారు, 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. ఇవి మంచివా చెడ్డవా అన్న వాదన ఇక్కడ పెట్టను. పెట్టిందీ తీసిందీ రాష్ట్ర ప్రభుత్వమే, మా ఇంటి ముందుకు వచ్చే చెత్తబండి ఖర్చు విషయంలో ఆఖరి మాట మా నగర సభది కాలేదు, నేను పట్టించుకుంటున్నది అది. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాలలను కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద వేలమంది ఇళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లో దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. మునిసిపాలిటీ వద్దని ఊరినే వదిలిన జిల్లా మనది. అటువంటిచోట ఇవాళ మునిసిపాలిటీ ఏం చేస్తోందో అడగడానికి వీధి చివరిదాకా వచ్చే మనిషి దొరకడు. తాము కాదంటే పని ఆగుతుందన్న నమ్మకం వారికి ఉండేది, మాకు లేదు. రిజర్వు బ్యాంకు 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని నగర పాలక సంస్థల ఆదాయమంతా కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 1 శాతమే, బ్రెజిల్‌లో అది 7 శాతానికి పైన. ఆ 1 శాతంతోనే నీరు, చెత్త, దీపాలు, కాలువలు నడవాలి.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలను నేను తక్కువ చేయను. రాష్ట్రమంతటా పదిహేను వేల పైచిలుకు, నగరాల్లో సుమారు నాలుగు వేల జనాభాకు ఒకటి చొప్పున, నడిచి వెళ్లే దూరంలో ఉద్యోగులు కూర్చున్నారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ శానిటేషన్ కార్యదర్శి అయినా ప్లానింగ్ కార్యదర్శి అయినా రోజూ జవాబు చెప్పుకునేది ఫోనులోని యాప్‌కూ పై అధికారికీ. ఆ పేరులో సచివుడు ఉన్నాడు గానీ వార్డు మనిషి లేడు. ఉన్న ఆ ఉద్యోగులనే వార్డు కమిటీకి జవాబుదారీ చేస్తే కొత్తగా ఒక్క కొలువు కూడా సృష్టించనక్కర్లేదు.

పల్లెల గురించి క్లుప్తంగానే చెబుతాను. తమ ఖాతాల్లో పడిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమకట్టుకున్నారని సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు, సంతోషమే. ఆ సభల్లో జనం చెప్పిన పనుల్లో ఏవి పద్దులోకి ఎక్కాయో, ఏవి ఎందుకు ఎక్కలేదో రెండో సభలో చదివి వినిపించినప్పుడే మొదటి సభకు విలువ.

నా కోరికకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది అంబేడ్కర్‌గారిది కనుక దాటవేయడానికి వీల్లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన, గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవని, ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని అన్నారు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోతను చూసిన ప్రాంతం వాళ్లం; అధికారం కిందికి దిగితే పెద్దకులం గుమ్మం దగ్గరే ఆగిపోతుందన్న భయం ఒట్టి ఊహ అని మనం ఎలా అనగలం? అయితే అధికారమంతా పైన ఉన్న రోజుల్లోనే ఆ ఘోరాలు జరిగాయని కూడా గుర్తుచేయాలి. అందుచేత అధికారాన్ని దించండి, దింపే చోట కాపలా పెట్టండి. సభ గుడి మండపంలోనో పెద్దమనిషి వసారాలోనో కాక, అందరి కాలూ మోపే బడిలో జరగాలి. దళితవాడ నుంచీ ఆడవారి నుంచీ నిర్ణీత సంఖ్యలో హాజరు లేనిదే కోరం లేదనాలి. ఎస్సీ, ఎస్టీల ఉపప్రణాళిక కోసం 2013లో చట్టమే చేసుకున్నాం కనుక, ఆ డబ్బు ఏ వాడలో ఏ పనికి ఖర్చయిందో ఆ వాడలోనే చదవాలి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు ఇచ్చామని గర్వంగా చెప్పుకుంటాం గానీ, తనిఖీకి వెళ్లిన ఎన్నో ఊళ్లలో సంతకం ఆమెది, కుర్చీ ఆయనది. ‘సర్పంచిగారు వస్తున్నారు’ అంటే నేను చాలాసార్లు పొరపడి ఆమె కోసం లేచి నిలబడ్డాను, వచ్చింది ఆయన. ఎన్నికైన మహిళ స్థానంలో భర్త కూర్చున్న సమావేశపు తీర్మానం చెల్లదని ఒక్క వాక్యం చట్టంలో చేర్చితే, మొదట్లో గొడవ జరుగుతుంది, ఆ తరువాత ఆమె వస్తుంది.

బహిరంగంగా లెక్క చదివే పని మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకంలో సామాజిక తనిఖీని ఒక వ్యవస్థగా నిలబెట్టి తక్కిన రాష్ట్రాలకు చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఊరి నడుమ మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతూ ఉంటే, చనిపోయినవాడి పేరున కూలి పడిందన్న సంగతి ఏ ముసలమ్మో లేచి చెప్పేది. ఆ పద్ధతిలో నగరంలోని ఒక్క సిమెంటు రోడ్డుకైనా లెక్క చదివినట్లు నేను ఎరగను. దాని బదులు నా ఆడిట్ ఉండేది, అదెలా సాగేదో చెబుతాను. పని జరిగిన ఏడాదికో రెండేళ్లకో ఎం-బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం, నా బల్ల మీదికి వచ్చేది. రోడ్డు మందం ఆరు అంగుళాలని అందులో రాసి ఉంటే నాకూ ఆరే. కూడికలో తప్పు పట్టగలను గానీ మందం పట్టలేను. అభ్యంతరం రాసేవాడిని, జవాబు వచ్చేది, మళ్లీ రాసేవాడిని, ఆ పేరా ఏళ్ల తరబడి పెండింగులో నానేది, ఈలోగా పైపుల కోసం ఆ రోడ్డునే తవ్వేసేవారు. రోడ్డు పోసిన పూట అరుగు మీద కూర్చున్న తాపీమేస్త్రికి అది నాలుగు అంగుళాలేనని కంటితోనే తెలుసు. అతడిని అడగమనే నిబంధన మాత్రం నా ముప్పైయొక్క ఏళ్ల ఉద్యోగంలో ఏ మాన్యువల్‌లోనూ కనబడలేదు.

మాలో లోపం లేదనుకుని ఇదంతా రాయడం లేదు. పోలింగుకు ముందు రాత్రి కవరు అందలేదని అలిగి ఓటుకు వెళ్లని ఇల్లు మా వీధిలో ఉంది, కాలువ పూడిక తీసిన మరునాడే అందులో సంచి విసిరే చెయ్యీ ఉంది. వారిని నేను వెనకేసుకు రాను. అయితే ఐదేళ్లలో తన ఓటుకు కంటికి కనబడే ఫలం ఆ కవరు ఒక్కటే అనుకుంటున్నవాడిని నీతిపాఠాలతో మార్చలేమని కూడా నాకు తెలుసు. తన వీధి పనిలో తన మాట ఒక్కసారి చెల్లితే, ఆ కవరు ఎంత చిన్నదో అతనికే తెలిసివస్తుంది.

ఇవన్నీ కింద ఇచ్చేస్తే మాకేం మిగులుతుందని మీరు అడుగుతారు. బుడమేరు మిగులుతుంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి కొల్లేరు దాకా ఆ వాగు ఎన్నో మండలాలు దాటి వెళ్తుంది; దాని వెడల్పు తేల్చడం, గట్లు నిలబెట్టడం, నీటి దారిలో రిజిస్ట్రేషన్లు ఆపడం, నాలాంటివాడు మళ్లీ పల్లం కొనకుండా చూడడం ఏ వార్డు కమిటీ వల్లా అయ్యే పని కాదు. బడ్జెట్టు పద్దులను సభలో ఒక్కొక్కటిగా నిలదీయడం ఉంది, అధికారులు రాసే నిబంధనలను చట్టంతో సరిపోల్చి చూడడం ఉంది. మురుగు కాలువ మూత మార్పించడానికి ఎమ్మెల్యే తీరిక చేసుకుంటున్న చోట ఈ పెద్ద పనులకు ఎవరికీ తీరిక చిక్కడం లేదు.

1955 చట్టాన్ని సవరించి కమిషనర్ పనితీరుపై ఏటా నగర సభ ఇచ్చే నివేదికకు బలం కల్పించండి, వార్డు సభను ఏడాదికి రెండుసార్లు తప్పనిసరి చేయండి, ఆ సభలో కొలతలు చదివాకే కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు చెల్లించాలని రాయండి. చట్టానికి సమయం పడుతుందంటే, అప్పటిదాకా ఆగవలసిన పని లేదు. మీ నిధులతో మా డివిజన్‌లో జరిగే ఏదైనా ఒక్క పనితో మొదలుపెట్టవచ్చు. మా వీధి చివర బడి ఉంది, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు దాని ఆవరణ ఖాళీగానే ఉంటుంది. వేదిక వద్దు, శాలువాలు వద్దు, కుర్చీలు ఎవరివి వారే తెచ్చుకుంటాం. మీరు మాత్రం వర్క్ ఆర్డరు, ఎస్టిమేటు, ఎం-బుక్కు నకలు తీసుకురండి. చదవడానికి నేనున్నాను. పక్కన టేపు పట్టుకోవడానికి మా తాపీమేస్త్రి ఒప్పుకున్నాడు.

ఇట్లు,
విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ